బాలమణి అత్త ఎంచిన టైర్లు

కొత్త టైరుకు ఒక వాసన ఉంటుంది. వాన పడుతున్నప్పుడు ఆ వాసన దుకాణం దాటి రోడ్డు మీదికి వస్తుంది. మొన్న నాగ్‌పాడాలో సైకిల్ సామాన్ల దుకాణం ముందు గొడుగు ముడుస్తుండగా అది ముక్కుకు తగిలింది. వానలు మొదలై వారం కూడా కాలేదు, అప్పుడే నా సైకిలు లాల్‌బాగ్ వంతెన కింద పక్కకు జారింది. వెనక టైరు చూస్తే బోడిగుండు. దుకాణం ఆయన రెండు రకాలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి సన్నగా, నిగనిగలాడుతూ ఉంది. రెండోది వెడల్పుగా, మెత్తగా, ఒళ్లంతా సన్నని గాట్లతో ఉంది. ఆయన సన్నదాన్నే మెచ్చుకుంటున్నాడు, తేలిగ్గా ఉంటుందట, గాలిలో తేలిపోతుందట. నా బొటనవేలు నన్ను అడక్కుండానే వెడల్పు టైరు మీదికి వెళ్లి, బెండకాయ లేతదో ముదిరిందో చూసినట్టు నొక్కింది. ఆ నొక్కడం నాది కాదు, బాలమణి అత్తది. అది గుర్తుకు రాగానే చెంపలు వేడెక్కాయి. టైరు కొనడానికి వచ్చి సిగ్గుపడేది ఈ ముంబై మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బాలమణి అత్త మాకు చుట్టం కాదు. కామాటిపురాలో మా చాల్ అంటే వరసగా ఒంటిగది ఇళ్లున్న పాత మేడ, అందులో మా ఖోలీ పక్క ఖోలీ ఆమెది. మా తాతలు ఈ నగరంలో మేడలు కట్టడానికి పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలీలు. మేము ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లం, సగం మరాఠీ, సగం హిందీ కలిపి తెలుగు మాట్లాడేవాళ్లం. అత్త మాత్రం అటునుంచి కోడలిగా వచ్చింది. ఊరి మాటను ఊరి పేరుతో సహా మూట కట్టుకుని తెచ్చుకుంది. భర్త పోయాక బైకుల్లాలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేరింది. ఆయన మిగిల్చిపోయిన ఆస్తి ఒక మగవాళ్ల సైకిలు. చీర గోచీ పెట్టి కట్టుకుని, అడ్డకమ్మి మీదుగా కాలు తిప్పి ఎక్కి, డ్యూటీకి పోయేది. మొదట్లో చాల్ మొత్తం మెట్ల మీద నిలబడి నవ్విందట. "నవ్వుండ్రి నవ్వుండ్రి, పండ్లకు గాలి తగులుతది" అని గంట కొట్టుకుంటూ పోయిందట. నాకు ఊహ తెలిసేసరికి నవ్వేవాళ్లు మిగల్లేదు. ఆమె నోటికి జడిసి కొళాయి దగ్గర వరస తప్పేవాళ్లూ మిగల్లేదు.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు లాల్‌బాగ్‌లో ఒక పళ్ల డాక్టరు దగ్గర పని దొరికింది. వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, ఫోనెత్తడం. బస్సు కోసం ఫాక్‌లాండ్ రోడ్డు మీద నిలబడాలి. మా వైపు ఆడది రోడ్డు మీద నిలబడటం అంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పాలి. ఆ గల్లీల్లో ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు ఉంటారు. వాళ్ల పక్క మేడల్లోనే మాలాంటి సంసారాలూ ఉంటాయి. కొత్తగా వచ్చిన మగవాడికి ఆ తేడా తెలియదు, తెలుసుకునే ఓపికా ఉండదు. పనిలో చేరిన కొత్తలోనే ఒకాయన, మా నాన్న వయసువాడు, చేతిలో కూరగాయల సంచి, మెల్లగా పక్కకు వచ్చి "కిత్నా?" అన్నాడు, ఎంత అని. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, బస్సు వచ్చి ఆగినా ఎక్కలేదు. ఇంటికి తిరిగొచ్చి ఖోలీ మూల నీళ్ల మోరీ దగ్గర కూర్చుని చర్మం మండేదాకా తోముకున్నాను. నేనేం చేశానని అంత సిగ్గు? ఏమీ చేయలేదు. అయినా చచ్చేంత సిగ్గుపడ్డాను. ఇక పనికి పోనని చెప్పేశాను. అమ్మ కూడా సరేనంది. గోడ అవతల నుంచి అంతా విన్న అత్త తడి చేతులతో అలాగే లోపలికి వచ్చింది.

"ఏమన్నడు వాడు?" అంది. అమ్మ చెప్పింది.

"నిలవడ్డోళ్లను అడుగుతరు పోరీ. పోయేటోళ్లను ఎవడడుగుతడు? సైకిల్ నేర్పుత, చల్."

"వానలొస్తున్నయి వదినా. జారి పడితే?" అంది అమ్మ.

"జారకుంట జూసే పూచీ నాది. పని ఇడిసిపెట్టి ఇంట్ల కూసుంటే రేపే సంబంధాలు చూస్తరు మీరు. నాకెర్కలేదా?"

అలా నేను సైకిలెక్కాను. నాన్న ఎక్కడో పాత సైకిలొకటి సంపాదించాడు. దాని టైర్లు అరిగి అరిగి వీపు తోమే రాయిలా ఉండేవి. జూన్‌లో మొదటి జల్లుకే నేను ఆ రోడ్డు మలుపులో పాములా మెలికలు తిరిగాను. నిజం చెప్పాలంటే పడటం అంటే నాకంత భయం లేదు. పడితే దెబ్బ తగులుతుంది, తగ్గుతుంది. ఆ రోడ్డు మీద ఆగడమే భయం. ఆగితే మళ్లీ ఎవడో ఒకడు పక్కకు వస్తాడు. ఆ మాట ఇంకొక్కసారి వింటే పని మానేస్తానని నాకు తెలుసు. అందుకని పెద్ద వాన పడుతున్నా బ్రేకు వేయకుండా, ఊపిరి బిగపట్టి తొక్కేదాన్ని. వెనక చక్రం చిమ్మిన బురద నడుము నుంచి మెడదాకా ఒక గీతలా పడేది. పళ్ల డాక్టరు దగ్గరికి చేరాక, బాత్‌రూంలో కుర్తీ వీపు భాగం ఉతుక్కుని, తడి బట్టలతో కుర్చీకి ఆనకుండా కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లు ఏం వాసన చూస్తున్నారో అని రోజంతా అదే ధ్యాస.

అత్త నన్ను నాగ్‌పాడా లాక్కుపోయింది. టైర్ల గురించి ఆమెకు పెద్దగా ఏమీ తెలియదు, కానీ తెలియదని ఒప్పుకునే గుణం ఆమె పుట్టుకలోనే లేదు. దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద పెద్ద బొడిపెలు ఉన్న జత చూపించి, "గదీ! పులి పంజా లెక్కున్నది. రోడ్డు ఇడువది" అంది. అవి కొండలెక్కే సైకిళ్లకు వేసేవని దుకాణదారు నసిగాడు. మా గల్లీ మాత్రం కొండకన్నా తక్కువా అని ఆమె ఎదురు ప్రశ్న. తీరా తొక్కితే ఆ టైర్లు తారు రోడ్డు మీద పిండిమరలా గుయ్‌మని మోగాయి. ఎవరి కంటా పడకుండా పోవాలని నేననుకుంటే, ఫాక్‌లాండ్ రోడ్డు మీద తలలన్నీ నా వైపే తిరిగాయి. పైగా బరువు. లాల్‌బాగ్ చేరేసరికి తొడలు రాళ్లయిపోయేవి. మురుగు కాలువల ఇనప మూతల మీద, చదునైన తడి రాళ్ల మీద ఆ బొడిపెలు పట్టలేదు కూడా, ఇంకా జారాయి.

నేను ఏడుపు ముఖంతో తిరిగొస్తే ఆమె మళ్లీ దుకాణానికి తీసుకెళ్లింది. వాడిన టైర్లు వెనక్కి తీసుకోనని దుకాణదారు మొండికేశాడు. ఇద్దరి గొంతులూ లేచాయి. ఆయన కోడలి కాన్పు ఎవరు చూశారో అత్త గుర్తు చేసేదాకా ఆయన దిగిరాలేదు. ఈసారి అత్త తొందరపడలేదు. ఒక్కో టైరునూ బొటనవేలితో నొక్కి చూసింది. గట్టిగా ఉన్నవాటిని పక్కన పడేసింది. చివరికి వెడల్పుగా, రబ్బరు మెత్తగా, మీద సన్నని గాట్లు ఉన్న జత ఏరింది. "మెత్తగున్నదే భూమిని పట్టుకుంటది. నడుమూ ఇరగది," అంది. వాన బాగా పడే రోజుల్లో గాలి కొంచెం తగ్గించి తొక్కమంది. ముందూ వెనకా మడ్‌గార్డులు కూడా బిగించింది. మర్నాడు తడి రోడ్డు మీద ఆ సైకిలు ఎంత నిమ్మళంగా పోయిందంటే, ఆ ఉద్యోగం మొదలైన తర్వాత నేను మొదటిసారి పని చోటికి పొడి వీపుతో వెళ్లాను.

"మరి నీ టైర్లు?" అని అడిగాను. ఆమెవి నా పాతవాటికన్నా ఘోరంగా ఉండేవి.

"నావి ఇంకో వానకాలం ఆగుతయి తియ్యి," అంది.

అంతా బాగానే ఉండేది, అత్త అక్కడితో ఆగి ఉంటే. మా గల్లీల్లో సంసారాలుండే ఖోలీల తలుపుల మీద పెద్ద అక్షరాలతో "ఫ్యామిలీ" అని రాసి ఉంటుంది. తాగి దారి తప్పి వచ్చినవాడు తలుపు కొట్టకుండా అదొక కాపలా. మా తలుపు మీదా ఉంది, అత్త తలుపు మీదా ఉంది. ఆ ఏడు పాత అక్షరాలు వెలిసిపోయాయని పెయింటరును పిలిచారు. అతను తలుపులు దిద్దుతుండగా అత్తకు బంగారంలాంటి ఆలోచన వచ్చింది. ఆమె సైకిలు వెనక మడ్‌గార్డు మీదా, నా సైకిలు వెనక మడ్‌గార్డు మీదా ఎర్ర రంగుతో అదే మాట రాయించింది. "ఇగ చూస్కో. సదువొచ్చినోడు ఎవడూ నిన్ను కన్నెత్తి చూడడు," అంది. ఆమె ముఖంలో ఎంత సంతోషమో. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

ఆ రాత మా రోడ్డు మీద ఎవరినైనా ఆపిందో లేదో తెలియదు కానీ, లాల్‌బాగ్‌లో నన్ను పట్టిచ్చింది. డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు నా సైకిలు చుట్టూ తిరిగి చూసి, "ఫ్యామిలీ? కుణాచీ ఫ్యామిలీ?" అన్నాడు, ఎవరి ఫ్యామిలీ అని. పక్కనున్నవాళ్లు నవ్వారు. మోటారు బళ్ల మీద పేర్లు రాస్తారు, దేవుళ్లను రాస్తారు, సైకిలు మీద ఫ్యామిలీ ఏమిటని వాళ్ల నవ్వు. అతను మాత్రం నవ్వాపి, ఇలాంటి రాత తలుపుల మీద ఎక్కడో చూశానే అన్నాడు. నేను కామాటిపురా అనకుండా ముంబై సెంట్రల్ దగ్గర ఉంటానని చెప్పి ఉన్నాను. ఆ రోజు నుంచి అతను నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించడం మొదలుపెట్టాడు. గొంతు తగ్గించి మాట్లాడే మగవాళ్లు ఎలాంటివాళ్లో నాకు అప్పటికే తెలుసు. సైకిలును గోడకు వెనక్కి ఆనించి పెట్టేదాన్ని, అక్షరాలు కనపడకుండా. రాత చెరిపేద్దామని అత్తను బతిమాలాను.

"ఉండనీ. మర్యాద గది," అంది. అంతకుమించి వినలేదు.

ఆ ఏడు వానలు ముదిరాక ఒక పొద్దున ఇద్దరం కలిసి బయల్దేరాం. బైకుల్లా దాకా మా ఇద్దరి దారీ ఒకటే. ముందు అత్త, వెనక నేను. గల్లీ చివర పచ్చ తలుపున్న ఇల్లు ఒకటి ఉంది, ఒళ్లమ్ముకునే వాళ్ల ఇల్లు. దాని ఎదురుగా మురుగు గటారు మీద ఇనప మూత. అత్త అరిగిన టైరు దాని మీదికి ఎక్కడమేమిటి, సైకిలు అటు, అత్త ఇటు. నా టైర్లు ఆగమన్నచోట ఆగాయి. ఒక కాలు నేల మీద పెట్టి నేనింకా దిగాలా వద్దా అని చూస్తూ ఉండగానే పచ్చ తలుపులోంచి ఒకామె పరిగెత్తుకొచ్చింది. నాకన్నా నాలుగైదేళ్లు పెద్దదేమో. నైటీ మీద తువ్వాలు, చేతిలో పళ్లు తోముకునే బ్రష్. "ఉఠో మౌసీ" అంటూ అత్త చంకల కింద చేతులు వేసి లేపబోయింది.

"అవ్వో, నా నడుము," అంది అత్త.

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. "ఏడ తాకింది అత్తా? మెల్లగ లెవ్వు," అంది తెలుగులో, మా అత్త ఎలా అంటుందో అచ్చం అలాగే.

అత్తను అరుగు మీద కూర్చోబెట్టి, గ్లాసుతో నీళ్లు తెచ్చింది. సైకిలు లేపి నిలబెట్టింది. తన తువ్వాలుతోనే దాని బురద తుడిచింది. మడ్‌గార్డు తుడుస్తుంటే ఎర్ర అక్షరాలు బయటపడ్డాయి. ఆమె వాటిని కూడబలుక్కుని చదివింది. కోపం లేదు, వెటకారం లేదు, ఏదో గుర్తొచ్చినట్టు చెప్పింది.

"మాకు గూడ ఉన్నది అత్తా, ఫ్యామిలీ. అమ్మ ఉన్నది. తమ్ముడున్నడు, డిగ్రీ సదువుతున్నడు."

అత్త చేతిలో గ్లాసు అరుగు మీద పెట్టింది.  ముంబైలో తెలుగువాళ్లు ఒకరినొకరు మొట్టమొదట ఏది అడుగుతారో అదే అడిగింది. "ఏ ఊరు బిడ్డా మీది? మాది కొత్తపల్లి, వాగొడ్డు కొత్తపల్లి."

"ఊరి పేరెందుకత్తా," అని ఆమె తువ్వాలు పిండుకుంది. "ఊరికి సిగ్గయితది."

ఆ సాయంత్రం నేను తిరిగి వచ్చేసరికి అత్త చాల్ మెట్ల కింద పీట వేసుకుని, పాత కత్తితో మడ్‌గార్డు గీకుతోంది. తనది అయిపోయింది, నాది లాక్కుంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. కాంపౌండరు పీడ వదిలిందనుకున్నాను. వెక్కిరింపుగా, "మర్యాద అంటివి కదత్తా?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "ఎవలికి సదివిపిచ్చిన పోరీ ఇన్నొద్దులు? మేము మీ అసుంటోళ్లం గాదు, మేము మీ అసుంటోళ్లం గాదని పొద్దుగాల్ల లేసి వాళ్లకే సూపెట్టుకుంట పోయిన. వాళ్ల మొఖం మీద రాసినట్టే గద." కాసేపు గీకి మళ్లీ అంది, "సిగ్గయితున్నది నాకు."

మా ఇద్దరికీ ఆ రాత మీద సిగ్గే. నాది లాల్‌బాగ్‌లో నవ్వినవాళ్ల ముందు, ఆమెది పచ్చ తలుపు ముందు. నా సిగ్గు ఎంత చవకదో నాకు ఆ మెట్ల మీద నిలబడగానే తెలిసింది. తలుపు మీది రాతను మాత్రం అత్త ఉంచింది. అది తాగుబోతుల కోసం, రోడ్డు మీద తిప్పడానికి కాదు అంది.

తర్వాత అత్త తన సైకిలుకు కూడా నాలాంటి టైర్లే వేయించుకుంది. ఇక జారే ప్రశ్నే లేదు. అయినా పచ్చ తలుపు దగ్గరికి రాగానే దిగేది. నన్నూ దింపేది. "జారుతది ఈడ," అనేది.

"టైర్లు కొత్తవే కదత్తా."

"చెప్తే ఇను. దిగు."

సైకిళ్లు నెట్టుకుంటూ ఆ ఇళ్ల ముందు నుంచి, వాళ్లంత నిదానంగా, వాళ్ల పక్కగా నడిచేవాళ్లం. "తిన్నవా బిడ్డా?" అనేది అత్త. "తిన్న అత్తా," అనేది ఆమె. అంతే. ఊరి మాట మళ్లీ ఎత్తలేదు, పేరు కూడా అడగలేదు. నేను మాత్రం తల దించుకుని చక్రం వైపు చూస్తూ నడిచేదాన్ని. ఎవరు చూస్తున్నారో, ఏమనుకుంటున్నారో అని వీపంతా కళ్లు. ఒకడు కిత్నా అని అడగనే అడిగాడు కూడా, అత్త పక్కనుండగానే. ఆమె వాడిని ఏమీ అనలేదు. నా వైపు తిరిగి, "నడువు. అడిగినోనికి లేని సిగ్గు నీకెందుకు?" అంది. అన్నంత మాత్రాన సిగ్గు పోదు, కానీ మర్నాడు కూడా నడిచాను. ఆ వానలు వెళ్లేలోగా కాంపౌండరు మళ్లీ గొంతు తగ్గించి, నిజంగా ఎక్కడుంటావని అడిగాడు. నేను గొంతు పెంచి కామాటిపురా అన్నాను. వరసలో కూర్చున్నవాళ్లంతా విన్నారు. అతను మళ్లీ నా బల్ల దగ్గరికి రాలేదు. ఆ రోజు నాలోంచి పలికిన గొంతు అత్తదని నాకు తెలుసు. ఆ ఉద్యోగం ఇరవై ఏళ్లు దాటినా ఇవాళ్టికీ చేస్తున్నాను.

కిందటేడు వానల్లో అత్త పోయింది. నిద్రలో పోయింది, ఎవరికీ పని పెట్టలేదు. ఇరుకు మెట్ల మీద నుంచి ఆమెను దించి గల్లీలో పడుకోబెట్టాం. చాల్ మొత్తం చుట్టూ చేరింది. ఆమె చేతుల మీదుగా పుట్టిన పిల్లలు ఎందరో, వాళ్ల పిల్లలు ఎందరో. గల్లీకి అవతలి పక్క గోడవార ఆమె నిలబడి ఉంది, పచ్చ తలుపు ఆమె. జుట్టు సగం నెరిసింది. గొడుగు లేదు. ఇటు రాదని నాకు తెలుసు. నేనే గల్లీ దాటి వెళ్లి పక్కన నిలబడ్డాను.

"అత్తను కొత్తపల్లికి తీస్కపోతరా?" అంది.

"లేదు, ఇక్కడే."

ఆమె వాన చూస్తూ అంది, "మా ఊరికీ కొత్తపల్లికీ నడుమ వాగే. మా బండ మీద నిలవడితే వీళ్ల గుడిసెలన్నీ కనవడ్తయి. ఆనాడు చెప్తే ఎవల బిడ్డవని అడుగుతదని చెప్పలే. అత్త గొంతు ఇన్నప్పుడల్లా మా అమ్మనే మాట్లాడినట్టుండె."

 అంతలో ధారావి నుంచి వచ్చిన అత్త చెల్లెలు మెట్ల దగ్గర నుంచి గట్టిగా అడిగింది. "రేణూ, ఎవలామె?"

అందరి తలలూ మా వైపు తిరిగాయి. "మా ఊరామె," అన్నాను.

అటువైపు వినపడలేదు. చెల్లెలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్లీ అడిగింది. ఈసారి గట్టిగా, గల్లీ అంతా వినేలా చెప్పాను, మా ఊరామె అని. కానీ అప్పటికే ఆమె కొంగు నెత్తిన కప్పుకుని మలుపు దాటిపోయింది. ఆమెకు వినపడింది మొదటిసారి అన్నదే. అంత మెల్లగా ఎందుకన్నానో ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.